విశాఖ కొండలెక్కే ముందు: ఈ దారి ఎవరిది?

విశాఖపట్నంలో చాలా వీధుల చివర ఏదో ఒక కొండ కళ్లబడుతుంది. ఉత్తరాన కైలాసగిరి దగ్గర మొదలై సింహాచలం వైపు సాగే వరుస ఒకటి. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ దగ్గర సముద్రంలోకి చొచ్చుకుపోయే యారాడ వరుస ఇంకొకటి. పాత ఊరు ఈ రెంటి మధ్యనే పెరిగింది. మూడు గంటలు ప్రయాణం చేస్తే తూర్పు కనుమల అసలు ఎత్తులే ఎదురవుతాయి. ఇన్ని ఉండి కూడా "ఆదివారం ట్రెక్కింగుకి వెళ్దాం, ఎక్కడైతే బావుంటుంది?" అని నలుగురిని అడిగితే నాలుగు పొంతన లేని జవాబులు వస్తాయి. ఒకరు కంబాలకొండ అంటారు. మరొకరు అక్కడ చిరుతలున్నాయి, వెళ్లనివ్వరు అంటారు. ఒకరు యారాడ కొండ ఎక్కమంటే, ఇంకొకరు అది నేవీ ఏరియా, జాగ్రత్త అంటారు. మేఘాలు చూడటానికి వంజంగి కొండ పేరు చెప్పి అర్ధరాత్రే బయల్దేరమనేవాళ్లు అందరికంటే ఎక్కువ.

వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. చిక్కంతా వేరే చోట ఉంది. కంబాలకొండ లాంటి ఒకటి రెండు చోట్లు తప్పిస్తే, విశాఖ చుట్టుపక్కల ట్రెక్కింగ్ కోసమని ఎవరూ దారులు వేయలేదు. ఉన్న దారులన్నీ ఎవరో తమ అవసరానికి నడిచి నడిచి ఏర్పరచుకున్నవే. భక్తులు వేసిన మెట్లదారి ఒకటి, రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఎంచుకున్న కొండ ఒకటి, అటవీ సిబ్బంది గస్తీ తిరిగే బాట ఒకటి, సంతకీ రేషన్‌కీ గిరిజనులు దిగే కాలిబాట ఒకటి. ఎత్తెంత, ఎన్ని కిలోమీటర్లు అన్నది తర్వాతి మాట. ఈ దారి ఎవరిది అన్న ప్రశ్నకు ముందు జవాబు తెలిస్తే, అనుమతి కావాలా, ఏ వేళకు వెళ్లాలి, ఏ ప్రమాదం పొంచి ఉంది, అక్కడ ఎలా మసలుకోవాలి అన్నవన్నీ ఒక్కొక్కటిగా విడిపోతాయి.

ఊళ్లోని కొండలు

మొదట భక్తుల దారి. సింహాచలం కొండకి ఘాట్ రోడ్డు మీద బస్సులు వెళ్తాయి గానీ, అడివివరం వైపు నుంచి వెయ్యికి పైగా మెట్లున్న పాత దారి ఇప్పటికీ ఉంది. చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, మెట్టుమెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ వెళ్లేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నా రెయిలింగ్ పట్టుకుని ఎక్కే పెద్దవాళ్లు, అందరూ ఆ దారినే వెళ్తారు. వ్యాయామం కోసం వెళ్లేవాళ్లు వాళ్లకి దారివ్వాలి, చెప్పులూ మాటతీరూ చోటుకి తగ్గట్టు ఉండాలి. అంతకు మించి ఇబ్బందేమీ లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకంటే మంచి మెట్లదారి ఊళ్లో లేదని నా అభిప్రాయం. మాధవధార వైపు నుంచి కూడా కొండ మీదికి పాత మెట్లబాట ఉంది. అది అడవిలోంచి పోతుంది, జనసంచారం తక్కువ. వానల తర్వాత తుప్పలు కమ్మేస్తాయి కాబట్టి దారి తెరిచి ఉందో లేదో కింద కాలనీలో కనుక్కునే బయల్దేరాలి. ఒంటరిగా వెళ్లకూడదు.

అసలు విశాఖ జనానికి కొండ నడక కొత్తేమీ కాదు. ఏటా ఆషాఢ పౌర్ణమి ముందురోజున మొదలయ్యే సింహాచలం గిరిప్రదక్షిణలో లక్షల మంది కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు నడుస్తారు. కొండ కింది మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, ముడసర్లోవ, హనుమంతువాక, అప్పుఘర్, ఇసుకతోట, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి చేరుకుంటారు. చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. రాత్రంతా వీధివీధినా మజ్జిగ, పులిహోర పంచేవాళ్లుంటారు. ఈ ఊళ్లో జరిగే అతిపెద్ద సామూహిక నడక ఇదే. ఖరీదైన బూట్లూ బ్యాగులూ ఉంటేనే ట్రెక్కింగ్ అనుకునేవాళ్లు ఒకసారి ఆ రాత్రి రోడ్డు మీద నిలబడి చూడాలి.

భిక్షువుల కొండలది ఇంకో కథ. భీమిలి దారిలో, మంగమారిపేట దగ్గర ఉన్న తొట్లకొండ మీద బౌద్ధ సంఘారామం (భిక్షువుల మఠం) ఉందని 1976 దాకా లోకానికి తెలియదు. నౌకాదళం స్థావరం కోసం విమానం మీంచి సర్వే చేస్తుండగా అది బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలు, చైత్యాలు, విహారాలు, భోజనశాల, శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఓడలెక్కి వచ్చిన వ్యాపారులకీ ఈ కొండకీ సంబంధం ఉండేదనడానికి ఆ నాణేలే సాక్ష్యం. కొండ మీద తప్పకుండా చూడాల్సినవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. అంచున కూర్చుని లోపలికి చూస్తే ఉలి గాట్లు తెలుస్తాయి. వాన నీరు వాలుగా వచ్చి పడేలా చుట్టూ రాతిని ఎలా మలిచారో కనిపిస్తుంది. నెలల తరబడి కొండ దిగకుండా బతకాలంటే నీళ్లే ముఖ్యమని వాళ్లు లెక్క కట్టుకున్నారు. పక్కనే బావికొండ, భీమిలిలో పావురాలకొండ, అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ, ఇవన్నీ కూడా బౌద్ధ స్థలాలే. ఇవి పురావస్తు స్థలాలు కాబట్టి ఇటుక గోడల మీద ఎక్కి పాడుచేయడం, రాళ్ల మీద పేర్లు చెక్కడం చట్టప్రకారం నేరమే. నేరమని కాకపోయినా, రెండు వేల ఏళ్లు నిలిచిన ఇటుక మన బరువుకి ఊడిపోతే తిరిగి పెట్టేవాళ్లెవరూ లేరు.

కంబాలకొండ సంగతి వేరు. అది అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం మహారాజుల చేతిలో ఉండేది, 1970లో అభయారణ్యమని ప్రకటించారు. దాదాపు 71 చదరపు కిలోమీటర్ల అడవి, అదీ జాతీయ రహదారి పక్కనే. చిరుత, కొండగొర్రె, కణితి, అడవిపంది, నక్క ఉన్నాయి. ఇక్కడే జనానికి గందరగోళం. ఎకో పార్కు టికెట్టు కొంటే అడవంతా తిరగొచ్చనుకుంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లాలంటే అనుమతి తప్పనిసరి. పర్యటకులకి తెరిచిన భాగం వేరు, మిగతా అడవి వేరు. ట్రెక్కింగ్ బాట మీదికి అటవీశాఖ అనుమతించిన వేళల్లో, వాళ్ల మనిషిని వెంటబెట్టుకునే వెళ్లాలి. దీన్ని వేధింపుగా చూసేవాళ్లున్నారు. నేనైతే వాచర్‌తో నడవడమే లాభమంటాను. మట్టిలో పంది తవ్విన గుంటకీ ముళ్లపంది తవ్విన గుంటకీ తేడా ఆయన చెప్తాడు, నిన్న రాత్రి ఏ జంతువు ఏ వైపు దాటిందో చూపిస్తాడు. ఒక్కళ్లమే తిరిగితే ఇవేవీ తెలియవు. ఇంకో మాట. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకి ఈ అడవిలో చెట్లు విపరీతంగా నేలకూలాయి. ఆ అడవి మెల్లగా తేరుకుంటోంది. బాట వదిలి అడ్డంగా నడిస్తే ముందుగా నలిగేది కొత్తగా మొలిచిన మొక్కలే.

అభయారణ్యం కాని అడవుల్లో చాలా భాగం రిజర్వ్ ఫారెస్టు. అక్కడ కూడా రాష్ట్ర అటవీ చట్టం 1967 ప్రకారం అనుమతి లేకుండా చొరబడటం నేరమే. మ్యాపులో గీత కనిపించిందని వెళ్లిపోతే, ఆ గీత అటవీశాఖ బీట్ ఆఫీసర్ గస్తీ బాట కావచ్చు, పశువుల కాపరిది కావచ్చు.

యారాడ వైపు చెప్పాల్సింది తక్కువే. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరిది. డాల్ఫిన్స్ నోస్ చుట్టుపక్కల చాలా భాగం రక్షణ శాఖది. ఘాట్ రోడ్డు మీదుగా యారాడ బీచ్‌కి అందరూ వెళ్లొచ్చు. రోడ్డు దిగి కొండమీదికి బాట వెతకడం, డ్రోన్ ఎగరేయడం మాత్రం వద్దు. హార్బర్ దృశ్యం కావాలంటే పాతపోస్టాఫీసు వైపు మూడు చిన్న కొండలున్నాయి. రాస్ హిల్ మీద చర్చి, పక్క కొండ మీద దర్గా, మరో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. పావుగంటలో ఎక్కేయొచ్చు. ఓడలు ఛానెల్లోకి వచ్చేటప్పుడు అక్కడి నుంచి చూస్తే ఎంత దగ్గరగా కనిపిస్తాయో ఊళ్లోవాళ్లలోనే చాలామందికి తెలియదు.

కాలి కింది రాయి

దారి ఎవరిదో తెలిశాక తెలుసుకోవాల్సింది కాలి కింద ఉన్నదేమిటన్నది. విశాఖ కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ శిల. ఈ కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. కొత్తగా విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పి చూడండి. బూడిద, గోధుమ చారల మధ్య దానిమ్మ గింజల్లా ఎర్రటి పొడలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. నల్లగా చేతికంటేది గ్రాఫైట్. ఒకప్పుడు నేల లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ గురైతేనే ఇలాంటి రాయి తయారవుతుంది. దాదాపు 100 కోట్ల సంవత్సరాల కిందట ఈ కనుమలూ తూర్పు అంటార్కిటికాలోని కొండలూ ఒకే పర్వత పంక్తి. 13 కోట్ల సంవత్సరాల కిందట భూఖండాలు విడిపోవడం మొదలయ్యాక ఒక ముక్క ఇక్కడ మిగిలింది.

దీనికీ ట్రెక్కింగుకీ సంబంధం ఏమిటంటే, ఖోండలైట్ ఎండకీ వానకీ తొందరగా చివికిపోయే రాయి. కోణార్క్, పూరీ ఆలయాల్లో శిల్పాలు అరిగిపోవడానికి ఒక కారణం అవి ఈ రాతితో కట్టినవి కావడమే. పైకి గట్టిగా కనిపించే బండ పొరలుపొరలుగా ఊడి వస్తుంది. చేత్తో పట్టుకుని ఎక్కుదామనుకున్న రాయి చేతికే వచ్చేస్తుంది. చివికిన రాయి ఎర్రమట్టి అవుతుంది. ఎండాకాలంలో దాని మీద చిన్న గులకలు పరుచుకుని ఉంటాయి, దిగేటప్పుడు కాలు జారేది వాటి మీదే. వాన పడితే అదే మట్టి జిగురవుతుంది. అందుకే ఇక్కడి కొండల్లో ఎక్కడంకంటే దిగడం కష్టం, దెబ్బలూ దిగేటప్పుడే తగులుతాయి. గాట్లు లోతుగా ఉన్న అడుగుభాగం గల బూట్లు, చేతిలో ఒక కర్ర ఉంటే చాలు. బాటకి అడ్డంగా చిన్న అడుగులతో, మోకాళ్లు కొంచెం వంచి దిగాలి.

అదే గుణం వల్ల ఒక మేలూ ఉంది. చివికిన పొరల్లో, పగుళ్లలో ఇంకిన వాన నీరు మెల్లగా ఊటై బయటికొస్తుంది. సింహాచలం మీది గంగధార, కింద మాధవధార అలాంటివే.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్ని కూడా చాలామంది ట్రెక్కింగ్ జాబితాలో చేరుస్తున్నారు. అవి కొండలు కావు. వేల ఏళ్లుగా గాలి, సముద్రం తెచ్చి పోసిన ఇసుక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. జాతీయ భూవారసత్వ స్థలమది. వాన నీళ్లు కోసిన లోతైన వాగుల్లో నడవడం ఒక అనుభవం, కాదనను. కానీ దిబ్బల అంచుల మీదికి ఎక్కితే అంచు విరిగి మనమూ పడతాం, మళ్లీ ఏర్పడని దిబ్బా పోతుంది. కింద వాగులోనే నడవండి.

కనుమల్లోకి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాత విశాఖ జిల్లా మన్యమంతా పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. అరకు, అనంతగిరి, వంజంగి, లంబసింగి అన్నీ అందులోవే. మనం మాత్రం ఇంకా "వైజాగ్ కొండలు" అనే అంటాం. పేరు సంగతి ఎలా ఉన్నా, ఏజెన్సీలోకి అడుగుపెట్టాక చట్టం మారుతుందని తెలియాలి. ఇది గిరిజన ప్రాంతాలకి ప్రత్యేక రక్షణ ఇచ్చే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న ప్రాంతం. 1970 నాటి భూబదలాయింపు నిబంధన, అందరూ 1/70 అనేది, ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతోంది. బొర్రా రిజర్వ్ ఫారెస్టు గ్రామాల్లో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులివ్వడం చెల్లదని చెప్పింది. అరకు దారిలో మనం ఆగి ఫొటోలు దిగే గాలికొండ బాక్సైట్ నిల్వలున్న కొండ. అది ఇంకా కొండగా నిలిచి ఉండటానికి కారణం అక్కడి ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి చేసిన పోరాటం.

అనంతగిరి, అరకు చుట్టూ దారులు ఎక్కువ భాగం కాఫీ తోటల్లోంచి పోతాయి. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, నీడన కాఫీ మొక్కలు, చూడటానికి అడవిలానే ఉంటుంది. కానీ ప్రతి తోట ముక్కకీ ఒక గిరిజన కుటుంబం ఉంటుంది. నవంబర్ నుంచి జనవరి దాకా పండ్లు కోసే కాలం. పొద్దున్నే గోనెసంచీలతో ఆ బాటల మీదే వస్తుంటారు. ఎర్రటి పండు ముచ్చటగా ఉందని కోసుకోవడం, గుడారం వేయడానికి మొక్కలు తొక్కేయడం తగదు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ ఆ తోటల్లోదే.

బొర్రా, కటికి జలపాతం వైపు వెళ్లడానికి మంచి సాధనం రైలు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం ఓడరేవుకి తేవడం కోసం 1960లలో జపాన్ సహకారంతో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. 58 సొరంగాలు, లోయల మీద వంతెనలు. ఆ లైను మీది శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తుతో దేశంలోనే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా చాలాకాలం పేరు మోసింది. విశాఖలో పొద్దున్నే బండెక్కి బొర్రా గుహలు స్టేషన్లో దిగితే కటికి వైపు జీపు దారి, ఆ తర్వాత కాలినడక ఉంటాయి. ఇక్కడ కొందరు చేసే పని చూస్తే భయమేస్తుంది. పట్టాల వెంట, సొరంగాల్లోంచి నడిచి ఫొటోలు దిగుతున్నారు. అది ఖనిజం బళ్లు పగలూ రాత్రీ తిరిగే లైను. సొరంగంలో బండొస్తే తప్పుకోవడానికి చోటుండదు. మలుపుల వల్ల శబ్దం ఏవైపు నుంచి వస్తోందో పోల్చుకోలేం. రైల్వే చట్టం ప్రకారం అది నేరం కూడా. ఆ దారి గూడ్సు బళ్లది, మనది కాదు.

మేఘాలు ఎందుకు కిందుంటాయి

వంజంగి మీద ఇంత మోజు రావడానికి కారణం మేఘాల కొండగా దాని పేరు. పాడేరుకి దగ్గర్లో, వెయ్యి మీటర్లు దాటిన ఎత్తున ఉన్న కొండ. తెల్లవారుజామున పైకెక్కితే లోయ నిండా తెల్లటి మబ్బు, మధ్యమధ్యలో కొండ కొనలు. అయితే వెళ్లిన అందరికీ అది కనిపించదు. సగం మంది "ఏమీ లేదు, మోసం" అని తిరిగొస్తారు. ఎప్పుడు కనిపిస్తుందో ముందే కొంత అంచనా కట్టొచ్చు.

అవి ఆకాశంలోంచి దిగిన మబ్బులు కావు. లోయలో పుట్టిన పొగమంచు. చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని వేగంగా పోగొట్టుకుంటుంది. నేలని తాకిన గాలి చల్లబడి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారుతుంది. లోయలో పొలాలు, గెడ్డలు (కొండవాగులు), అడవి ఇచ్చిన తేమ ఆ చల్లటి గాలిలో మంచుగా మారుతుంది. పైన గాలి కొంచెం వెచ్చగా ఉండి మూత వేస్తుంది, మంచు పైకి లేవలేదు. మనం ఆ మూతకి పైన ఉంటే మేఘాల మీద నిలబడినట్టుంటుంది, కింద ఉంటే పక్కమనిషి కూడా కనిపించడు. సూర్యుడొచ్చి నేల వేడెక్కగానే మూత కదులుతుంది. ఎనిమిది, తొమ్మిది గంటలకల్లా మంచు విడిపోతుంది.

కాబట్టి నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య, ముందు వారంలో వాన పడి నేలలో తడి ఉండి, ఆ రాత్రి నక్షత్రాలు స్పష్టంగా కనిపించి, గాలి లేకపోతే చాలావరకు మేఘాలుంటాయి. రాత్రంతా మబ్బు కమ్మి ఉన్నా, గట్టిగా గాలి వీచినా ఆశ పెట్టుకోవద్దు. వెయ్యి మీటర్లకి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, ఊళ్లో చల్లగా ఉందనిపించిన రోజు అక్కడ వణుకు పుడుతుంది. విశాఖలో ఉక్కపోతకి అలవాటుపడి ఒక్క చొక్కాతో వెళ్లేవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు.

వంజంగిలో నన్ను బాధపెట్టేది జనం రావడం కాదు, అర్ధరాత్రి ఘాట్ రోడ్డు మీద నిద్ర కళ్లతో నడిపే బళ్లు. ఆ మలుపుల్లో మంచు కమ్మితే రెండడుగుల ముందు రోడ్డు తెలియదు. ముందురోజు సాయంత్రమే పాడేరు చేరి అక్కడ పడుకుని, నాలుగింటికి లేచి వెళ్లడం ఎంతో మేలు. ఊరివాళ్లకీ నాలుగు డబ్బులొస్తాయి. ఈ మధ్య అక్కడ ప్రవేశ రుసుం తీసుకుంటున్నారు, గొణగకుండా ఇవ్వండి. రాగి జావ, వేడి వేడి మొక్కజొన్న అమ్మే ఆడవాళ్ల దగ్గరే కొనండి. సీసాలు, ప్యాకెట్లు తిరిగి తెచ్చుకోండి, అక్కడ చెత్త తీసుకెళ్లే బండి రాదు.

గెడ్డ, ఎండ, జ్వరం

మన్యంలో ప్రాణాలు తీసేది ఎత్తు కాదు, నీళ్లు. జలపాతం కింద ఎండ కాస్తుండగానే పైన ఎక్కడో కొండ మీద వాన కురుస్తుంది. చివికిన రాతి కొండ మీద పడ్డ జడివాన నిమిషాల్లో గెడ్డలోకి దూకుతుంది. నీళ్ల రంగు మారి ఎర్రబడటం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం, ఇవి కనిపించాక సెల్ఫీ పూర్తయ్యేదాకా ఆగకూడదు. వెంటనే ఒడ్డుకి, అక్కడి నుంచి పైకి వెళ్లాలి. జూన్ నుంచి తుపాన్లు తగ్గే దాకా గెడ్డ మధ్యలో బండల మీద కూర్చోవద్దని స్థానికులు చెప్తే వాదించకండి. ఏ గుండం ఎంత లోతో వాళ్లకి తెలుసు.

ఎండాకాలంలో ఊరి కొండల్లోనే ప్రమాదం. సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. హైదరాబాద్‌లో నలభై డిగ్రీలు తట్టుకున్నవాళ్లు ఇక్కడ ముప్పై అయిదుకే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మార్చి దాటాక ఎనిమిదిలోపు దిగిపోవాలి. సగం రోజు నడకకి మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. ఇంకో చిన్న సంగతి. విశాఖ తూర్పున ఉంది, నవంబర్ చివర్లో అయిదుంపావు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. లోయల్లో చీకటి ఇంకా ముందే పడుతుంది.

తిరిగొచ్చాక కూడా కొన్ని వారాలు ఒళ్లు గమనించుకోవాలి. ఏజెన్సీలో మలేరియా ఇంకా ఉంది. సాయంత్రమయ్యేసరికి నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, అక్కడ పడుకుంటే దోమతెర కట్టుకోవాలి. తుప్పల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టిన చోట నల్లటి పెచ్చు కడుతుంది, అది చాలాసార్లు చంకలోనో నడుం దగ్గరో ఉండి మనం చూసుకోం. జ్వరం వస్తే డాక్టరుతో "కొండకెళ్లొచ్చాను" అన్న ఒక్క మాట చెప్పండి. వేళకి గుర్తిస్తే మామూలు మందులతో తగ్గే జబ్బు ముదిరితే ప్రాణం మీదికి తెస్తుంది. పాము కరిస్తే కట్లు బిగించడం, కోయడం వద్దు. కరిచిన కాలు కదపకుండా, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లి విషానికి విరుగుడు ఉన్న ఆస్పత్రికి చేర్చాలి.

మోసుకెళ్లడమంటే ఏమిటో ఈ కొండల్లో ఉండేవాళ్లకి తెలిసినట్టు మనకి తెలియదు. రోడ్డు లేని ఊళ్లలో పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లని ఇవాళ్టికీ డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోస్తున్నారు. మనం "అడ్వెంచర్" అనుకునే బాటే వాళ్లకి ఆస్పత్రి దారి. కాలు విరిగి మనం అక్కడ పడితే మోసేదీ వాళ్లే. ఆ ఊరి మనిషిని గైడుగా పెట్టుకుని, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వడం కనీస ధర్మమని నేననుకుంటాను. ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో, ఏ ఊళ్లో ఆరోగ్య కేంద్రం ఉందో ఆ మనిషికి తెలుసు. ఇళ్ల మధ్య నడిచేటప్పుడు అడగకుండా ఫొటోలు తీయకండి, పిల్లలకి చాక్లెట్లు విసరకండి.

చివరికి అర్మకొండ

కొంతకాలంగా కుర్రాళ్లంతా అడుగుతున్నది అల్లూరి జిల్లాలోని అర్మకొండ గురించి. తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరం ఏదన్న దాని మీద గందరగోళం ఉంది. పాఠ్యపుస్తకాల్లో, మ్యాపుల్లో అర్మకొండ, జిందగడ, సీతమ్మకొండ అన్న పేర్లు కలగలిసిపోయాయి. ఎత్తు కూడా ఒకచోట 1,680 మీటర్లని, మరోచోట 1,690 అని ఉంటుంది. ఒడిశా కోరాపుట్‌లోని దేవమాలి 1,672 మీటర్లు, పొరుగు రాష్ట్రం వాళ్లు చాలాకాలం అదే పెద్దదన్నారు. ఇరవై మీటర్లలోపు తేడాతో తేలే పందెమిది. నడిచేవాడికి అంతకంటే ముఖ్యమైనది, అక్కడ బోర్డులు పెట్టిన దారి లేదన్నది. గొర్రెలు, పశువులు తొక్కిన బాటలు కొమ్మలుకొమ్మలుగా చీలిపోతాయి, పై భాగంలో గడ్డి మైదానాలు, మంచు కమ్మితే దిక్కు తెలియదు.

అందుకని అది మొదటి కొండ కాకూడదు. నవంబర్లో సింహాచలం మెట్లతో మొదలుపెట్టి, తొట్లకొండ, కంబాలకొండ అయ్యాక, రైల్లో బొర్రా వైపు వెళ్లి, ఒక చలికాలం రాత్రి పాడేరులో ఉండి వంజంగి ఎక్కి, ఒళ్లు ఎంత ఓర్చుకుంటుందో తెలిశాక అక్కడికి వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు డిసెంబర్, జనవరి నెలలే చూసుకోండి. కొండ కింది ఊళ్లో పెద్దలతో మాట్లాడి గైడుని కుదుర్చుకోండి, అటవీశాఖ అనుమతి సంగతి ముందే తేల్చుకోండి. ఇంట్లో ఒకరికి ఏ ఊరి నుంచి ఎక్కుతున్నారో, ఎన్ని గంటలకి దిగుతారో రాసిచ్చి వెళ్లండి. శిఖరం ఎంత దగ్గరగా కనిపించినా మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి వెనక్కి తిరగాలి.